పిలవలేదేం?

ప్రభువునందు ప్రియులైన అందరికీ వందనాలు. నాకిచ్చింది అరగంట. పరిచయానికే పది నిమిషాలు పోయాయి, కాబట్టి మిగతా వందనాలు సభ అయ్యాక చెప్పుకుందాం.

అంశం సామెతలు 15:1, 'మృదువైన మాట క్రోధమును చల్లార్చును.' ఈ మాట ఎత్తగానే అందరం దావీదు కోపాన్ని మాటతో చల్లార్చిన అబీగయీలు దగ్గరికి వెళ్తాం. నేనూ ఆవిడ గురించే రాసుకొచ్చాను. ఆ కాగితం మడిచేస్తున్నాను. న్యాయాధిపతులు 8 తియ్యండి. ఒక వేలు 12 దగ్గర ఉంచండి.

ఎనిమిదిలో ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకరైన ఎఫ్రాయిమువాళ్లు, ఇశ్రాయేలును నడిపిస్తున్న గిద్యోను మీదికి వచ్చారు. మిద్యానీయులతో యుద్ధానికి వెళ్తూ మమ్మల్ని పిలవలేదేం అని. ఆయనేమన్నాడు? మీరు చేసినదాని ముందు నేను చేసిందెంత, మీ పరిగె మా కోతకంటే మేలు కాదా, మిద్యాను అధిపతులు ఓరేబూ జెయేబూ మీ చేతికే కదా చిక్కారు! వాళ్ల కోపం దిగిపోయింది. ముఖస్తుతి అంటారేమో, కాదు. ఆ అధిపతులిద్దర్నీ పట్టుకున్నది నిజంగా వాళ్లే.

పన్నెండులో మళ్లీ అదే గోత్రం, అదే నిష్ఠూరం. అమ్మోనీయుల మీదికి వెళ్తూ మమ్మల్ని పిలవలేదేం? ఈసారి ఇల్లు తగలబెడతామని కూడా అన్నారు. అప్పటి నాయకుడు యెఫ్తా జవాబు చూడండి: పిలిచాను, మీరు రాలేదు, ప్రాణం అరచేతిలో పెట్టుకుని నేనే వెళ్లాను. సరైన జవాబే! ఆ తర్వాత యుద్ధం, యొర్దాను రేవుల దగ్గర 'షిబ్బోలెతు' అనమంటే 'సిబ్బోలెతు' అన్నవాణ్ణల్లా ఎఫ్రాయిమువాడని పట్టి చంపడం. 42,000 మంది పోయారు.

ఇదే యెఫ్తా పదకొండో అధ్యాయంలో అమ్మోను రాజు దగ్గరికి రెండుసార్లు దూతల్ని పంపాడు. 300 ఏళ్ల చరిత్ర విడమరిచి చెప్పించాడు. శత్రువుతో అంత ఓపిక. సొంతవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఏమైందది?

నవ్వకండి. నేనూ అంతే. ఆఫీసులో నాకు నెమ్మదస్తుడని పేరు. మా చెల్లి సంబంధం ఖాయం చేసినప్పుడు అన్నయ్య ఒక్క మాటే అడిగాడు, "నన్ను పిలవలేదేంరా?" నేను ఫోను తీసి, ఏ రోజు ఎన్నిసార్లు చేశానో, తనెన్నిసార్లు ఎత్తలేదో చదివి వినిపించాను. చుట్టాలందరి ముందు. లెక్క తప్పలేదు. నాలుగేళ్లయింది, మాటల్లేవు. ఆయనడిగింది లెక్క కాదని నాకు ఆ రాత్రే తెలుసు.

గిద్యోను పుట్టుకతో సాధువనుకోకండి. అదే ఎనిమిదో అధ్యాయంలో, అలసిన తన మనుషులకు రొట్టెలివ్వలేదని సుక్కోతు ఊరి పెద్దల్ని ముళ్లకంపలతో శిక్షించాడు. పొద్దున పనిచేసిన నాలుక సాయంత్రానికి పనిచేస్తుందని నమ్మకం లేదు. అందుకే కొలొస్సయులకు 4:6లో పౌలు మీ సంభాషణ 'ఎల్లప్పుడు' కృపాసహితముగా ఉండనియ్యుడి అన్నాడు. 'ప్రతి మనుష్యునికి' ఎలా జవాబివ్వాలో తెలియడానికట. అన్నయ్యలు ఆ 'ప్రతి'లో లేరా? చెప్పండి!

గంట కొట్టారు. అబీగయీలు ఇంకోసారి.

ఈ సభకి మా అన్నయ్యను రమ్మన్నాను. పది రోజుల ముందే, ఇంటికి వెళ్లి. తలుపు తీశాడు, విన్నాడు, వస్తాననలేదు. ఈ లైట్ల వెలుగులో నాకు వెనక వరసలు కనబడటం లేదు.