కుక్కతో మోటార్‌హోమ్ ప్రయాణం: శ్రోతల ఫోన్లు, డాక్టర్ గారి జవాబులు

యాంకర్: శ్రోతలందరికీ నమస్కారం. పెంపుడు జంతువుల ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. మోటార్‌హోమ్‌లో కుక్కను వెంటబెట్టుకుని ఒక ప్రాంతమంతా తిరిగి రావడం గురించి ఈ వారం మాట్లాడుకుందాం. పడక, వంట, బాత్రూమ్ అన్నీ బండిలోనే ఉంటాయి కాబట్టి కుక్కను ఎవరింట్లోనో వదిలి వెళ్లే పని లేదని చాలామంది ఉత్సాహంగా బయల్దేరుతున్నారు. స్టూడియోలో మనతో పశువైద్యురాలు డాక్టర్ గారున్నారు. ఆవిడ కూడా చాలా ఏళ్లుగా తన కుక్కతో ఇలాగే తిరుగుతున్నారు. నమస్కారం డాక్టర్ గారూ.

డాక్టర్: నమస్కారమండి. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట చెబుతాను. మనకు అది యాత్ర, రోజుకో కొత్త చోటు చూస్తాం. కుక్కకు మాత్రం రోజూ ఇల్లు మారినట్టే ఉంటుంది. నిన్న కాలెత్తిన చెట్టు ఇవాళ ఉండదు, నిన్నటి వాసనలూ ఉండవు. మారకుండా ఉండేది బండి లోపలి భాగం ఒక్కటే. ఆ బండి దానికి ఇల్లు అయిందంటే సగం సమస్యలు తీరినట్టే. ఇల్లు కాలేదంటే ఎంత అందమైన చోటికి తీసుకెళ్లినా దానికి అవస్థే.

యాంకర్: మొదటి ఫోన్ వచ్చింది. హలో, చెప్పండమ్మా.

మొదటి కాలర్: నమస్కారం మేడమ్. వచ్చే నెల మేం ఇరవై రోజులు మోటార్‌హోమ్‌లో వెళ్తున్నాం. మా చిట్టికి రెండేళ్లు. కారెక్కితే పది నిమిషాల్లో వాంతి చేసుకుంటుంది. ఇరవై రోజులంటే తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: ఒకటి చెప్పమ్మా. చొంగ కార్చడం ఎప్పుడు మొదలవుతుంది? బండి కదిలాకా, అసలు తలుపు తీయగానేనా?

మొదటి కాలర్: తలుపు తీయగానే మేడమ్. ఎక్కనని మొండికేస్తుంది. ఎత్తి ఎక్కించాలి.

డాక్టర్: అయితే కడుపులో తిప్పడానికి భయం కూడా తోడైంది. కుక్కపిల్లల్లో చెవి లోపల తూకం చూసుకునే భాగం పూర్తిగా ఎదగదు కాబట్టి వాంతులు మామూలే. చాలావాటికి ఏడాది వయసు వచ్చేసరికి తగ్గిపోతాయి. మీ చిట్టికి రెండేళ్లంటున్నారు. చిన్నప్పుడు కడుపులో తిప్పిన సంగతి దాని మనసులో బండితో ముడిపడిపోయి ఉంటుంది. ముందు ఆ ముడి విప్పాలి.

మీ చేతిలో నెల రోజులున్నాయి కదా, మోటార్‌హోమ్ ముందుగానే దొరికితే మంచిది. మొదటి వారం దాన్ని కదపొద్దు. ఇంటి ముందు నిలబెట్టి తలుపు తీసి ఉంచండి. అది రోజూ పడుకునే దుప్పటి లోపల వేయండి, ఉతక్కుండా వేయండి, వాసన ముఖ్యం. దాని అన్నం గిన్నె ఒకరోజు మెట్టు మీద పెట్టండి, మర్నాడు లోపల పెట్టండి. ఎత్తుకుని మాత్రం ఎక్కించొద్దు, దాని కాళ్లతో అదే ఎక్కాలి. లోపల కునుకు తీయడం మొదలుపెట్టాక ఇంజిన్ ఆన్ చేసి కాసేపుంచి ఆపేయండి. తర్వాత వీధి చివరి దాకా వెళ్లి రండి. ఆ తర్వాత పావుగంట. మధ్యలో చొంగ కారిస్తే ముందు రోజు దూరానికే వెనక్కి వెళ్లండి, తొందరపడొద్దు.

ప్రయాణానికి మూడు నాలుగు గంటల ముందు తిండి ఆపేయండి, నీళ్లు మాత్రం ఆపొద్దు. ఇంకా తగ్గకపోతే కుక్కల వాంతులకు మారోపిటాంట్ అనే మందుంది. మీ డాక్టర్ బరువు చూసి రాసిస్తారు, బయల్దేరడానికి ముందే వేయాలి. ఇంట్లో మన కోసం ఉంచుకున్న వాంతుల బిళ్లలు మాత్రం వేయొద్దు.

మొదటి కాలర్: దుప్పటి ఉతక్కూడదని తెలియదు మేడమ్, నిన్ననే ఉతికేశాను.

డాక్టర్: పర్లేదమ్మా. ఇంట్లో నాలుగు రాత్రులు దాని కింద వేస్తే మళ్లీ వాసన పడుతుంది.

యాంకర్: తర్వాతి ఫోన్. హలో, ఎవరు మాట్లాడుతున్నారు?

రెండో కాలర్: నమస్తే అక్కా. నేను, మా ఫ్రెండ్ కలిసి మా ల్యాబ్రడార్‌తో వెళ్తున్నాం. కొన్ని చోట్ల కుక్కల్ని లోపలికి రానివ్వరు కదా, మ్యూజియాలూ అవీ. అప్పుడు బండిలో ఏసీ వేసి, దాన్ని లోపల ఉంచి వెళ్లొచ్చా? రెండు మూడు గంటలే.

డాక్టర్: బాబూ, ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఎదురుచూస్తున్నాను. దీనికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను.

ఏడేళ్ల కిందట మేం ఒక క్యాంప్‌సైట్‌లో దిగాం. బండికి అక్కడి కరెంట్ పాయింట్ తగిలించాం, ఏసీ వేశాం. మా రాకీని లోపల ఉంచి, తలుపు తాళం వేసి భోజనానికి వెళ్లాం. గంటన్నర అయి ఉంటుంది. తిరిగొచ్చి తలుపు దగ్గర నిలబడితే ఏసీ చప్పుడు లేదు. గుండె గుభేల్మంది. మాలాగే చుట్టుపక్కల అందరూ ఏసీలు వేసుకున్నారు, లోడ్ ఎక్కువై పాయింట్ ట్రిప్ అయింది. తలుపు తీయగానే ఎదురుగా రాకీ. నేలకి, తలుపు రబ్బరుకి మధ్య సందులో ముక్కు పెట్టి పడుకుని ఉంది, అక్కడి నుంచి కాస్త గాలి వస్తుందని. ఆ రబ్బరు మీద గోళ్ల గీతలు. నీళ్ల గిన్నె బోర్లా పడి ఉంది. చిగుళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. నేను డాక్టర్ని, వడదెబ్బ తిన్న కుక్కల్ని ఎన్నింటినో చూశాను. అయినా నా కుక్కను ఒక ప్లగ్గు మీద నమ్మకంతో వదిలి వెళ్లాను. బతికింది. మూడు రోజులు సెలైన్ ఎక్కించాం.

రెండో కాలర్: అయ్యో మేడమ్...

డాక్టర్: అందుకే అలా వదిలి వెళ్లొద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను. బయట 24 డిగ్రీలుంటే మనకు హాయిగా ఉంటుంది. అదే 24 డిగ్రీల్లో మూసేసిన కారులో పది నిమిషాలకు 34 డిగ్రీల దాకా వెళుతుంది, అరగంటకు 43 దగ్గరికి చేరుతుంది. అద్దాలు కాస్త దించినా పెద్ద తేడా రాదు. మోటార్‌హోమ్ పెద్దది కాబట్టి వేడెక్కడానికి ఇంకాస్త సమయం పట్టొచ్చు. కానీ ముందున్న అద్దం ఎంత వెడల్పో చూడండి, ఎండంతా అందులోంచే వస్తుంది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పడమే దానికున్న దారి. చుట్టూ ఉన్న గాలే వేడిగా ఉంటే ఎంత రొప్పినా లాభం లేదు. మామూలుగా దాని ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీలు. 41 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే ఇంకా త్వరగా వస్తుంది.

రెండో కాలర్: సిమ్ కార్డు ఉండే టెంపరేచర్ అలారాలు వస్తున్నాయి కదా మేడమ్, వేడి పెరిగితే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది.

డాక్టర్: కొనుక్కో బాబూ, నా దగ్గరా ఉంది. అయితే మెసేజ్ వచ్చాక నువ్వు రావాలి కదా. మ్యూజియం లోపల సిగ్నల్ లేకపోతే? నడిచి రావడానికి అరగంట పడితే? అలారం ఉన్నా నేను ఐదు నిమిషాల్లో వెనక్కి రాగలిగే దూరం దాటి వెళ్లను, అదీ చల్లటి రోజుల్లోనే. ఎండ రోజుల్లో అసలు వదలను. మీరిద్దరున్నారు కదా. ఒకరు లోపలికి వెళ్లి చూసొస్తే, ఇంకొకరు కుక్కతో నీడలో కూర్చోండి. తర్వాత మారండి. ఒక్కో చోట రెండు గంటలు ఎక్కువ పడుతుంది, పట్టనీ.

ఎప్పుడైనా కుక్క విపరీతంగా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుస్తూ, తూలుతూ కనబడితే హాస్పిటల్‌కి పరుగెత్తడానికి ముందే చల్లబరచడం మొదలుపెట్టండి. నీడలోకి తెచ్చి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ ఉండండి, గాలి తగలనివ్వండి. తడి టవల్ కప్పి వదిలేయొద్దు, అది కాసేపటికి వేడిని లోపలే ఆపేస్తుంది. తాగగలిగితే కొంచెం కొంచెం నీళ్లు పట్టండి. అలా చల్లబరుస్తూనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పైకి తేరుకున్నట్టు కనబడినా తీసుకెళ్లాల్సిందే, లోపల కిడ్నీలు, కాలేయం దెబ్బతిన్న సంగతి తర్వాత బయటపడుతుంది.

రెండో కాలర్: మ్యూజియం వంతులవారీగా చూస్తాం మేడమ్. థ్యాంక్స్.

యాంకర్: హలో, చెప్పండి సార్.

మూడో కాలర్: నమస్కారమమ్మా. రిటైరయ్యాక మా ఆవిడా, నేనూ మోటార్‌హోమ్ కొనుక్కున్నాం. మా కుక్క చిన్నది, ఏడు కిలోలు. నేను నడుపుతుంటే పక్క సీట్లో మా ఆవిడ ఒళ్లో కూర్చుంటుంది. మా అబ్బాయి తప్పంటున్నాడు.

డాక్టర్: మీ అబ్బాయి చెప్పిందే నిజం సార్. గంటకు 50 కిలోమీటర్ల మీద వెళుతున్న బండి ఒక్కసారిగా ఆగితే, ఒళ్లో ఉన్న కుక్క అదే వేగంతో ముందుకు వెళుతుంది. ఏడు కిలోలైనా చేతులతో ఆపలేరు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే దెబ్బ దానికే తగులుతుంది. వెనక హాల్లో విడిచిపెట్టడమూ అంతే ప్రమాదం. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు పై అరల తలుపులు తెరుచుకుని గిన్నెలు పడటం మీరు చూసే ఉంటారు.

మూడో కాలర్: చూశానమ్మా. ఒకసారి కుక్కర్ పడింది.

డాక్టర్: ఆ కుక్కర్ కింద అది ఉండొచ్చు కదా సార్. బెల్టున్న సీటుకు ఛాతీ హార్నెస్‌తో, అంటే ఛాతీ చుట్టూ వేసే పట్టీలతో కట్టండి. మెడపట్టీకి కట్టొద్దు, కుదుపు వస్తే మెడ విరుగుతుంది. లేదా క్రేట్‌లో, అంటే కుక్కను ఉంచే గట్టి పెట్టెలో ఉంచి, ఆ క్రేట్‌ను కదలకుండా బిగించండి. అమ్మగారు వెనక దాని పక్క సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుంటే దానికీ దిగులుండదు. రెండు గంటలకోసారి ఆపి నడిపించండి. ఆపినప్పుడు ముందు పట్టీ తగిలించి, తర్వాతే తలుపు తీయాలి. తప్పిపోయిన కుక్కల్లో చాలావాటి కథ అక్కడే మొదలవుతుంది. తెలియని చోట తలుపు తీయగానే దూకుతుంది, తిరిగి రావడానికి దానికి దారి తెలియదు.

మూడో కాలర్: మెడలో పేరు బిళ్ల ఉందమ్మా.

డాక్టర్: పేరు కంటే మీ మొబైల్ నంబర్ ముఖ్యం సార్. ఇంటి ల్యాండ్‌లైన్ నంబర్ రాయించి ఉంటే, ఇంట్లో ఎత్తేవాళ్లు ఉండరు కదా. చర్మం కింద పెట్టే చిన్న గుర్తింపు మైక్రోచిప్ ఉంటే దానికి నమోదైన ఫోన్ నంబర్ ఇప్పటిదేనా చూసుకోండి. చిప్‌లో ఉండేది 15 అంకెల నంబర్ మాత్రమే, మీ వివరాలు ఉండేది రిజిస్టర్‌లో. అక్కడ పాత నంబరుంటే చిప్ ఉన్నా ఉపయోగం లేదు.

యాంకర్: నాలుగో ఫోన్. చెప్పండి.

నాలుగో కాలర్: మేడమ్, మేం సరిహద్దు దాటి పక్క దేశాలకు వెళ్లాలి. కాగితాలు ఎన్నాళ్ల ముందు చూసుకోవాలి?

డాక్టర్: నెలల ముందు. దేశానికో నియమం ఉంటుంది, వెళ్లే ప్రతి దేశం అధికారిక సైట్‌లో చూడండి. వరస మాత్రం గుర్తుంచుకోండి. ముందు చిప్, తర్వాత రేబిస్ టీకా. చిప్ కంటే ముందు వేసిన టీకాను చాలాచోట్ల లెక్కలోకి తీసుకోరు. ఐరోపా సమాఖ్య దేశాల్లోనైతే మొదటి టీకా వేసిన తర్వాత 21 రోజులు ఆగాలి. కొన్ని ప్రయాణాలకు రక్తపరీక్ష కూడా అడుగుతారు, దానికి నెలలు పడుతుంది. తిరిగి ఇంటికి రావడానికి ఏం కావాలో కూడా బయల్దేరే ముందే చూసుకోండి. చాలామంది వెళ్లేదే చూస్తారు.

నాలుగో కాలర్: పిడుదులు పడితే?

డాక్టర్: నెలవారీ మందు వెళ్లే ముందే వేయించండి. గడ్డిలో తిరిగొచ్చాక చెవుల లోపల, చంకల్లో, కాలి వేళ్ల మధ్య చేత్తో తడిమి చూడండి. దొరికితే సన్న పట్కారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగండి. కాల్చడాలు, నూనె పోయడాలు వద్దు. ఏ తేదీన ఎక్కడ దొరికిందో రాసుకోండి. తర్వాతి వారాల్లో జ్వరం, నీరసం వస్తే డాక్టర్‌కు ఆ కాగితం చూపించండి.

యాంకర్: సమయం దగ్గరపడింది. ఆఖరి ఫోన్.

ఐదో కాలర్: మేడమ్, నేను ఇప్పుడు మోటార్‌హోమ్‌లోంచే మాట్లాడుతున్నా. బయల్దేరి ఐదు రోజులైంది. మొదటి మూడు రోజులు మా బుజ్జి హాయిగా ఉంది. నిన్న రాత్రి నుంచి బండెక్కడం లేదు. ఎక్కిస్తే టేబుల్ కింద దూరి వణుకుతోంది. తిండి కూడా ముట్టలేదు.

డాక్టర్: వాంతులు, విరేచనాలు ఉన్నాయా? కుంటుతోందా?

ఐదో కాలర్: ఏం లేవు మేడమ్. బయట బాగానే ఉంది, తోక కూడా ఊపుతోంది. బండి దగ్గరికి తెస్తేనే ఇలా...

డాక్టర్: ఆగండి. ఇప్పుడు మీ వెనక ఏదో కీచుమంది. ఏమిటది?

ఐదో కాలర్: ఏమో మేడమ్, నిమిషానికోసారి వస్తోంది. ఫ్రిజ్ అనుకున్నాం.

డాక్టర్: తల పైకెత్తి చూడండి. సీలింగ్‌కు తెల్లటి గుండ్రటి డబ్బా ఉందా?

ఐదో కాలర్: ఉంది. పొగ అలారం. అదే మేడమ్, అందులోంచే వస్తోంది!

డాక్టర్: బ్యాటరీ అయిపోవస్తోంది. ఆ సన్నటి శబ్దానికి చాలా కుక్కలు బెదిరిపోతాయి. ఎప్పుడు వస్తుందో తెలియదు, ఎక్కడి నుంచో తెలియదు. ఇరుకు బండిలో తప్పించుకునే చోటూ ఉండదు. పాపం రాత్రంతా విని ఉంటుంది. బ్యాటరీ మార్చండి. తీసేసి ఊరుకోవద్దు, గ్యాస్ వాడే బండిలో ఆ అలారం మీకు కావాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరే ఉంటే దాని బ్యాటరీ కూడా ఇవాళే చూడండి.

ఐదో కాలర్: మార్చగానే లోపలికి వస్తుందా మేడమ్?

డాక్టర్: వెంటనే రాకపోవచ్చు. తలుపు తీసి పెట్టి మీరు లోపల కూర్చుని భోంచేయండి. పిలవొద్దు, లాగొద్దు. పొడవాటి పట్టీ కట్టి మెట్టు పక్కన దాని దుప్పటి వేయండి. ఇవాళ ఊరు మారే ఆలోచన ఉంటే మానుకోండి, ఒకటి రెండు రోజులు అక్కడే ఉండండి. రేపటికీ తినకపోతే దగ్గర్లోని డాక్టర్‌కు చూపించండి.

ఐదో కాలర్: సాయంత్రం బయల్దేరాలనుకున్నాం. ఉండిపోతాం మేడమ్. ఇప్పుడే బ్యాటరీ తెస్తాను, బుజ్జిని కూడా వెంట తీసుకెళ్తా.

డాక్టర్: పట్టీ తగిలించాకే బయల్దేరండి.