గ్రా, షాస్పో రైఫిళ్లు: కాల్చాక ముందు నీళ్లు, తర్వాతే నూనె (ఫోన్-ఇన్)

యాంకర్: నమస్కారం. అమెరికాలో పాత ఆయుధాలు సేకరించే మన తెలుగువాళ్ల కోసం ఇవాళ్టి ఫోన్-ఇన్. అంశం 19వ శతాబ్దపు ఫ్రెంచ్ సైనిక రైఫిళ్లు. డాలస్ నుంచి మొదటి కాల్.

శ్రోత: నమస్తే అండి. నా దగ్గర 1874 మోడల్ గ్రా ఉంది. బ్లాక్ పౌడర్‌తో కాల్చి, మామూలు గన్ సాల్వెంట్‌తో తుడిచి నూనె రాశాను. మర్నాటికే బ్యారెల్ లోపల ఎర్రటి తుప్పు!

నిపుణుడు: బ్లాక్ పౌడర్‌లోని సూరేకారం కాలాక మిగిలేవి పొటాషియం లవణాలండి. గాల్లో తేమని లాక్కుంటాయి. నూనెకి లొంగవు, నీళ్లకి లొంగుతాయి. మీ నూనె వాటిని లోపలే మూసి ఉంచింది.

తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని, రిసీవర్, అంటే బోల్ట్ కూర్చునే ఇనుప భాగం, కుడిపక్క ఉన్న స్క్రూ వదులు చేయండి. ట్రిగ్గర్ నొక్కి పట్టి లాగితే బోల్ట్, అంటే గొట్టం వెనక భాగాన్ని మూసే కడ్డీ, వచ్చేస్తుంది. గొట్టం మూతి కిందికి వంచి, వేడినీళ్లలో రెండు చుక్కల అంట్ల సబ్బు కలిపి, తడి గుడ్డపీలికలు తోయండి. మూతి పైకి ఉంటే నీళ్లు వెనక్కి జారి కర్రలోకి ఇంకుతాయి. కడ్డీ వెనకవైపు నుంచే దూర్చాలి. మూతివైపు నుంచి తోస్తే అంచు అరిగి గురి చెడుతుంది. పీలిక తెల్లగా వచ్చాక పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు నూనె. బోల్ట్ తల విడిగా ఊడుతుంది, దాన్నీ కడగండి. మర్నాడు ఇంకో పీలిక తోసి చూడండి. గోధుమరంగు అంటితే మళ్లీ మొదటినుంచి.

శ్రోత: తూటాలో బ్లాక్ పౌడర్ మందు ఎంత వేయాలండి?

నిపుణుడు: అసలు తూటాలో 5.25 గ్రాముల మందు, 25 గ్రాముల గుండు. ఇప్పటి ఇత్తడి గుల్లల గోడ మందం కాబట్టి అంత పట్టకపోవచ్చు. తక్కువతో మొదలుపెట్టండి, కానీ మందుకీ గుండుకీ మధ్య ఖాళీ మాత్రం ఉండకూడదు. ఖాళీ ఉంటే పీడనం ఒక్కచోట పడి గొట్టం ఉబ్బిపోతుంది. అట్ట బిళ్ల, తేనెమైనం-కొవ్వు కలిపిన బిళ్ల పెట్టి, గుండు దిగేటప్పుడు మందు కాస్త అణగాలి. గుండుకి మెత్తటి సీసం, 20 పాళ్లకి ఒక పాలు తగరం. ముందు గొట్టం లోపలి కొలత తీయండి, ఒక్కో తుపాకీది ఒక్కోలా ఉంటుంది. స్మోక్‌లెస్ పౌడర్, అంటే ఇప్పటి పొగరాని మందు, చిటికెడు కూడా వద్దు.

ఇంకొకటి. రిసీవర్ మీద ఎం80 ముద్ర ఉందా? 1880 మార్పులో, క్యాప్ (తూటా వెనక ఉండి మందుకి నిప్పంటించే చిన్న మూత) చిల్లుపడితే గ్యాస్ పక్కకి పోయేలా దారి పెట్టారు. ఆ ముద్ర లేకపోతే గ్యాస్ మీ ముఖం వైపు రావచ్చు. ఉన్నా లేకున్నా కళ్లద్దాలు తప్పనిసరి.

యాంకర్: ఒహాయో నుంచి ఒక అమ్మగారు.

శ్రోత: నమస్తే సార్. మావారి దగ్గర 1866 షాస్పో ఉంది. కాల్చవచ్చా?

నిపుణుడు: బోల్ట్ ముందు భాగంలో ఉన్న రబ్బరు చూడమనండి అమ్మా. కాగితపు తూటాకి ఇత్తడి గుల్ల లేదు, గ్యాస్‌ని ఆపేది ఆ రబ్బరే. పేలినప్పుడు నలిగి, వెడల్పై, గొట్టం గోడకి అతుక్కుంటుంది. పాతది రాయిలా గట్టిపడి పగిలి ఉంటుంది, దాంతో కాల్చకూడదు. సరిగ్గా సరిపోయే కొత్తది వేయించండి. సూది నిటారుగా, తుప్పు లేకుండా ఉండాలి. వంగితే తూటా వెనకనున్న క్యాప్‌కి తగలదు. ప్రతి కాల్పు తర్వాత కాసేపు ఆగి, నిప్పురవ్వ మిగిలిన కాగితం ఉందేమో చూసి, తడిగుడ్డతో తుడిచాకే ఇంకో తూటా.

శ్రోత: కుందా (తుపాకీ కర్ర భాగం) నల్లగా ఉందని సాండ్‌పేపర్ పట్టాలంటున్నారండీ.

నిపుణుడు: ఆయన్ని ఆపండమ్మా! కుడిపక్కన గుండ్రటి ముద్ర కనిపిస్తుందా?

శ్రోత: లీలగా ఉందండి.

నిపుణుడు: తయారైన కార్ఖానా, సంవత్సరం అందులోనే ఉంటాయి. ఒకసారి గీకితే ఇక రాదు. కొంచెం తడిపిన మెత్తటి గుడ్డతో మురికి తీసి, ఆరాక పల్చగా మైక్రోక్రిస్టలైన్ మైనం రాయండి. ఇనుముకీ అదే. తుప్పు చుక్క ఉంటే నూనె వేసి, నానాక రాగి రేకుతో మెల్లగా గీరండి. వైరు బ్రష్ దగ్గరికి రానివ్వకండి.