గుర్రపు డెక్క ఉంచాలా, లాగేయాలా? (శ్రోతలతో ఫోన్-ఇన్)

వ్యాఖ్యాత: నమస్కారం. డెల్టాలో గుర్రపు డెక్క లేని చెరువు, మురుగు కాలవ వెతికినా దొరకడం కష్టం. నీటి మొక్కల మీద పనిచేసే మేడం గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ ఆకివీడు వైపు నుంచి. చెప్పండి.

శ్రోత: ఆయ్, నమస్కారమండి. మా ఊరి చెరువు మొత్తం గుర్రపు డెక్క కప్పేసిందండి. పంచాయతీ వాళ్లు జేసీబీ పెట్టి తీయిస్తామంటే మా అబ్బాయి వద్దంటున్నాడు. నీళ్లలో విషమంతా అదే పీల్చేస్తుందని ఏదో వీడియోలో చూశాడట. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

నిపుణురాలు: మీవాడు చెప్పింది సగం నిజమేనండి. దీని వేళ్లు నత్రజని, భాస్వరం బాగా లాగుతాయి. సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి లోహాలనూ పట్టుకుంటాయి, ఆకుల్లో కంటే వేళ్లలోనే ఎక్కువ ఉంటాయి. కానీ మొక్క ముదిరి కుళ్లిందంటే తిన్నదంతా మళ్లీ ఆ నీళ్లలోనే కక్కుతుంది. కుళ్లేటప్పుడు ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. సకాలంలో తీసి బయట వేస్తేనే నీళ్లు బాగుపడినట్టు లెక్క.

శ్రోత: అయితే తీయించేయమంటారా?

నిపుణురాలు: ముందు తీయించండి. తర్వాత కావాలంటే మురుగు వచ్చి పడే మూలన వెదురు బొంగులు పాతి, నైలాన్ తాడు చుట్టి, ఆ మడిలోనే కొన్ని మొక్కలు ఉంచుకోండి. అనుకూలంగా ఉంటే రెండు వారాలకే రెట్టింపవుతుంది కాబట్టి వారం వారం తీస్తూనే ఉండాలి. పూత అస్సలు రానివ్వకండి, గింజ బురదలో పదిహేనేళ్లున్నా మొలుస్తుంది. ఈ తీసే పని ఎవరిదో పంచాయతీలో ముందే తేల్చుకోండి. అది తేలకపోతే మడి కట్టకపోవడమే మేలు.

శ్రోత: తీసింది గట్టు మీద వేసేస్తామండి.

నిపుణురాలు: అయ్యో, అదే వద్దండి! వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు జరిగేది అదేగా. లాగి గట్టు మీద కుప్ప పోస్తారు, తొలి వానకి ఆ రసం, బతికున్న పిలకలు మళ్లీ కాలవలోకి జారతాయి. బిల్లు మాత్రం పాసైపోతుంది. చెరువుకి దూరంగా వేసి ఎండనివ్వండి. మొక్కలో 90 శాతానికి పైగా నీళ్లే, ఎండితే మోసే బరువూ తగ్గుతుంది.

వ్యాఖ్యాత: దీన్ని తినే పురుగులున్నాయంటారు కదా మేడం?

నిపుణురాలు: నియోకెటినా అనే ముక్కు పురుగులండి. మొక్క సొంతూరు దక్షిణ అమెరికా, పురుగులదీ అదే. 1980ల్లో మన దేశంలో వదిలారు. అయితే పురుగు కొరికిన మొక్క నీళ్లలోనే కుళ్లుతుంది. కాలుష్యం తీయాలనుకునే చోట దానివల్ల ఉపయోగం లేదు.

వ్యాఖ్యాత: భీమవరం దగ్గర నుంచి రొయ్యల రైతు లైన్లో ఉన్నారు.

శ్రోత: మాది వనామీ అండి. నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలే ముందు ఒక గుంటలో గుర్రపు డెక్క వేసి ఆపుదామనుకుంటున్నాం.

నిపుణురాలు: ఉప్పు ఎంతుంటుందండి?

శ్రోత: పది పీపీటీ, అంటే లీటరుకి పది గ్రాముల పైమాటేనండి.

నిపుణురాలు: అయితే బతకదండి, అది మంచినీటి మొక్క. గుంట తవ్వడం మాత్రం మానకండి. నీళ్లు నిలబెట్టి, అడుగున పేరుకున్న మడ్డి తీశాకే పైతేట వదలండి. బొచ్చె, శీలావతి పెంచేవాళ్లకైతే ఆ గుంటలో ఈ మొక్క పనికొస్తుంది. చేపలున్న చెరువులో మాత్రం పరచకండి, తెల్లవారుజామున ఆక్సిజన్ చాలక చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

వ్యాఖ్యాత: పాలకొల్లు వైపు నుంచి సైన్స్ మాస్టారు.

శ్రోత: మేడం, మా పిల్లలు డ్రెయిన్ నీళ్లు బాటిల్లో పట్టి పంపితే లోహాలేమీ లేవని రిపోర్టు వచ్చింది. రాత్రయితే మాత్రం ముక్కు మూసుకోవాల్సిందే.

నిపుణురాలు: వాసనకి లోహమే కారణమవ్వాలని లేదండి, మామూలు మురుగు కుళ్లినా వస్తుంది. కానీ మీ అనుమానం తీసిపారేసేది కాదు. బాటిల్ నీళ్లు పట్టిన ఆ నిమిషం సంగతే చెబుతాయి. రాత్రి వదిలింది పొద్దున్నకి కొట్టుకుపోతే అందులో దొరకదు. గుర్రపు డెక్క వేరైతే వారాల తరబడి నీళ్లలో మునిగే ఉంటుంది కాబట్టి లోహం దాంట్లో పేరుకుంటుంది. డ్రెయిన్‌లో ఈ మొక్క ముందునుంచీ ఉంటేనే నేను ఇప్పుడు చెప్పే పరీక్ష చేయండి, లేనిచోట కొత్తగా తగిలించొద్దు. శుభ్రమైన చెరువులోంచి ఒకే సైజు లేత మొక్కలు తెచ్చి, వల బుట్టల్లో వేసి, మురుగు కలిసే చోటికి ఎగువన కొన్ని, దిగువన కొన్ని కట్టండి. కొన్ని స్కూల్లోనే మంచినీళ్ల తొట్టిలో ఉంచండి. మూడు నాలుగు వారాలయ్యాక వేళ్లు కోసి, బురద పోయేలా కడిగి, నీడన ఆరబెట్టి, చోటు, తేదీ రాసిన కాగితం కవర్లలో పంపండి. తొట్టిలో వేళ్లు కూడా పంపాలి, అవి లేకపోతే దేనితో పోలుస్తారు? ల్యాబ్‌లో సీసం, క్రోమియం అని పేరు పెట్టి అడగండి, మామూలు మట్టి పరీక్షలో ఇవి రావు. పిల్లలకి గ్లౌజులు మర్చిపోకండి.

శ్రోత: ల్యాబ్ ఫీజు మా స్కూలు భరించలేదేమో మేడం.

నిపుణురాలు: అయితే వేళ్లు కొలిపించండి. పోషకాలు తక్కువున్న నీళ్లలో వేళ్లు పొడుగ్గా, ఈకల్లా, ఊదారంగు తిరిగి ఉంటాయి. ఎరువులు, మురుగు ఎక్కువైన చోట వేరు పొట్టిగా, ఆకు ఏపుగా ఉంటుంది. లోహాల సంగతి మాత్రం దీన్ని బట్టి తేలదు.

వ్యాఖ్యాత: చివరి కాల్. అమ్మా, చెప్పండి.

శ్రోత: మా ఇంటి పక్క డ్రెయిన్లోంచి తీసిన డెక్కని పేడతో కలిపి కూరపాదులకి వేద్దామనుకుంటున్నానండి. మా గేదె కూడా ఇష్టంగా తింటుంది.

నిపుణురాలు: టౌన్ మురుగు కలిసే డ్రెయినా అమ్మా?

శ్రోత: అవునండి, వర్క్‌షాపుల నీళ్లు కూడా అందులోకే.

నిపుణురాలు: పాదులకీ వద్దు, గేదెకీ వద్దు. సీసం లాంటివి పాలలోకి కూడా రావొచ్చు. మురుగు కలవని ఊరి చెరువుదైతే ముక్కలు చేసి, వాడబెట్టి, పేడతో కలిపి మగ్గనివ్వండి, మంచి ఎరువవుతుంది.

శ్రోత: మరి ఈ డ్రెయిన్‌ది ఏం చేయమంటారు? ఇప్పటికే రెండు బండ్లు తీయించేశాను.

నిపుణురాలు: బావికి, చెరువుకి దూరంగా ఎండబెట్టి, పైన పట్టా కప్పి ఉంచండి. తగలబెట్టకండి, బూడిదలో లోహం ఇంకా చిక్కబడుతుంది. తర్వాత ఎక్కడికి తరలించాలో మున్సిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని రాతపూర్వకంగా అడగండి.