పల్లపు స్థలంలో బిమ్: ముందు లెవెల్ తేల్చండి

నమస్తే అండీ. ఈ రోజు బిమ్ సంగతి, అంటే కట్టకముందే బిల్డింగ్‌ని కొలతలు, వివరాలతో సహా కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా కట్టడం. మోడల్‌కి రెవిట్ అనే సాఫ్ట్‌వేర్, చెకింగ్‌కి నావిస్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్. గోడ గీయడం, తలుపు పెట్టడం చెప్పే వీడియోలు బోలెడున్నాయి, వాటి జోలికి పోవద్దు. భీమవరం, అమలాపురం వైపు మెరక చేసి కట్టే స్టిల్ట్ ప్లస్ ఫైవ్ (కింద పార్కింగ్, పైన ఐదంతస్తులు) అపార్ట్‌మెంట్‌లో మోడల్ ఎక్కడ తేడా కొడుతుందో చూద్దాం. గోదావరి డెల్టాలో ఆ తేడా ఎక్కువగా లెవెల్స్ దగ్గరే వస్తుంది.

ముందు సర్వే ఫైల్. యూటీఎంలో, అంటే భూమిని జోన్‌లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతిలో, ఇస్తే మనది 44వ జోన్. భీమవరం దగ్గర నార్తింగ్ (భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి దూరం) 18 లక్షల మీటర్ల పైమాటే. ఆ డీడబ్ల్యూజీని (ఆటోక్యాడ్ ఫైల్‌ని) ఆరిజిన్ టు ఆరిజిన్, అంటే రెండు ఫైళ్ల సున్నా బిందువులూ కలిపి, లింక్ చేస్తే మీ స్థలం రెవిట్ ఇంటర్నల్ ఆరిజిన్‌కి (దాని సొంత సున్నా బిందువుకి) 1,800 కిలోమీటర్ల అవతల పడుతుంది. రెవిట్ సరిగ్గా లెక్క కట్టేది ఆ ఆరిజిన్ చుట్టూ 16 కిలోమీటర్ల లోపే. అది దాటితే గీతలు వణుకుతాయి, స్నాప్ (కర్సర్ గీత కొసని పట్టుకోవడం) దొరకదు, కొలతలు నమ్మడానికి ఉండదు. వార్నింగ్ వస్తుంది, కానీ చదివేదెవరు? ఓకే కొట్టేస్తారు.

అందుకని ఆటోక్యాడ్‌లో ముందు జూమ్ ఎక్స్‌టెంట్స్ కొట్టండి, ఫైల్‌లో ఉన్నదంతా తెర మీదకి వస్తుంది. ఎక్కడో దూరంగా ఒక్క బ్లాక్ మిగిలిపోయినా తీసేయండి. తర్వాత రెవిట్‌లో యూనిట్ మీటర్ అని పెట్టి, సెంటర్ టు సెంటర్ (మధ్యభాగాలు కలిపి) లింక్ చేయండి. బిల్డింగ్‌ని కదపొద్దు. లింక్‌నే జరిపి, తిప్పి గ్రిడ్‌కి (బిల్డింగ్ స్తంభాల గీతలకి) సరిపెట్టి, మేనేజ్ ట్యాబ్‌లో అక్వైర్ కోఆర్డినేట్స్ నొక్కండి. సర్వే కోఆర్డినేట్స్ మోడల్‌కి వస్తాయి. స్ట్రక్చరల్ వాళ్లు, ప్లంబింగ్ వాళ్లు సర్వే ఫైల్ ముట్టుకోకూడదు. ఆర్కిటెక్ట్ మోడల్‌ని ఆరిజిన్ టు ఆరిజిన్ లింక్ చేసుకుని, అందులోంచే కోఆర్డినేట్స్ తీసుకోవాలి. అన్నట్టు, ముగ్గురిదీ ఒకే రెవిట్ వెర్షన్ ఉండాలి. 2024లో సేవ్ చేసిన ఫైల్ 2023లో తెరుచుకోదు.

ఇక ఎత్తు. ఒక సర్వేయర్ సముద్రమట్టం నుంచి లెవెల్ ఇస్తాడు, ఇంకొకాయన కల్వర్టు మీద గుర్తు పెట్టి దాన్ని 100.000 అంటాడు. ఏదైనా ఫర్వాలేదు, ప్రాజెక్ట్ మొత్తానికీ ఒక్కటే ఉండాలి. ఆర్కిటెక్ట్‌కి ఫస్ట్ ఫ్లోర్ అంటే టైల్ పైభాగం, స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి స్లాబ్ పైభాగం. మధ్యలో 50 మిల్లీమీటర్లు. ఇద్దరూ లెవెల్‌కి ఒకటే పేరు పెడితే ఆ 50 ఎక్కడ పోయిందో ఎవరికీ దొరకదు. ఎఫ్ఎఫ్ఎల్ (టైల్ పైభాగం), ఎస్ఎస్ఎల్ (స్లాబ్ పైభాగం) అని వేరు వేరు లెవెల్స్ పెట్టండి.

వాటితో పాటు మామూలుగా ఎవరూ పెట్టని రెండు లెవెల్స్ కూడా పెట్టండి: రోడ్డు నడిమి లెవెల్, వీధి డ్రెయిన్ అడుగు లెవెల్. ఎందుకో ఒక లెక్క చూడండి. ప్లింత్ (ఇంటి పునాది అరుగు పైభాగం) సున్నా అనుకుందాం, లెక్కంతా మిల్లీమీటర్లలో. రోడ్డు దానికి 600 కింద. డ్రెయిన్ అడుగు రోడ్డుకి 450 కింద, అంటే మైనస్ 1050. వెనక వైపు మొదటి ఛాంబర్‌లో (మురుగు పైపులు కలిసే గుంటలో) పైపు అడుగు మైనస్ 450. అక్కణ్ణించి వీధికి 30 మీటర్లు, వాలు 60కి 1. అంటే 500 దిగి మైనస్ 950కి వస్తుంది. వంద మిల్లీమీటర్లు మిగిలింది, బతికాం. అదే మొదటి ఛాంబర్‌లోనే పైపు మైనస్ 600లో పెడితే చివర మైనస్ 1100. డ్రెయిన్ అడుగు కన్నా 50 కిందకి నీళ్లెలా పోతాయి? పైగా వానాకాలంలో డ్రెయిన్ నిండుగా ఉంటుంది, వంద మిగిలినా వెనక్కి తన్నే ఇళ్లున్నాయి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతారు కాబట్టి ప్లింత్ ఎంత పెంచాలో మెరక మట్టి కొనకముందే తేలాలి.

స్టిల్ట్ సీలింగ్ కింద వేలాడే పైపులదీ ఇదే గొడవ. వాలు పెట్టకుండా గీసేస్తే బీమ్ కింద 50 మిల్లీమీటర్ల గ్యాప్‌తో హాయిగా పోతుంది, నావిస్‌వర్క్స్‌లో క్లాష్ (ఒకదానికొకటి తగిలే చోటు) సున్నా వస్తుంది. సైట్‌లో మాత్రం 12 మీటర్లకి 200 దిగి, కారు కోసం వదలాల్సిన ఎత్తులోకి వచ్చేస్తుంది. రెవిట్ మెకానికల్ సెట్టింగ్స్‌లో 1.67 శాతం వాలు (60కి 1) చేర్చుకుని, దాంతోనే పైపు గీయండి. కారు నిలిచే చోట్ల కావలసిన క్లియర్ హైట్, మాట వరసకి 2.4 మీటర్లు, అంత ఎత్తున ఖాళీ డబ్బాలు మోడల్ చేసి పెట్టండి. వాటికీ పైపులకీ హార్డ్ క్లాష్ (తగులుతున్నాయా అని చూసే టెస్ట్) నడపండి. బీమ్‌కీ పైపుకీ మాత్రం క్లియరెన్స్ టెస్ట్ (మధ్యలో చాలినంత ఖాళీ ఉందా అని చూసేది) 50 మిల్లీమీటర్లతో నడపాలి, ఎందుకంటే సాకెట్ (పైపులు కలిసే చోటి భాగం) పైపు కన్నా లావు, క్లాంప్‌కీ చోటు కావాలి. అన్నిటినీ అన్నిటితో ఒకేసారి నడిపితే వేలల్లో క్లాష్‌లు వస్తాయి, ఎవరూ చూడరు.

కాంక్రీట్ క్వాంటిటీ ఒక్క మాటలో: రెవిట్‌లో స్లాబ్, బీమ్ జాయిన్ చేశారా? 230 బై 450 మిల్లీమీటర్ల బీమ్, 125 మందం స్లాబ్, 4 మీటర్ల పొడవైతే జాయిన్ చేయని ఒక్కో బీమ్‌కీ 0.115 ఘనపు మీటర్లు రెండుసార్లు లెక్కకొస్తుంది. ఫ్లోర్‌కి 60 బీమ్‌లుంటే దాదాపు 7 ఘనపు మీటర్లు, ఒక మిక్సర్ లారీ పైన.

చివరిగా మేస్త్రీ చేతికి వెళ్లే కాగితం. ఆయన త్రీడీ చూడడు, చూడక్కర్లేదు కూడా. ఒక్క ఏ3 షీట్ మీద ప్రతి స్లీవ్ (పైపు పోవడానికి కాంక్రీట్‌లో వదిలే గొట్టం) గ్రిడ్ నుంచి ఎంత దూరం, స్లాబ్ అడుగు నుంచి మధ్యబిందువు ఎంత కింద, సైజు ఎంత, ఇవి రాసివ్వండి. బీమ్‌లో స్లీవ్ అయితే స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం ఉండాల్సిందే. ఆ షీట్ స్టీల్ కట్టకముందే సైట్‌కి చేరాలి. కాంక్రీట్ పోశాక చేరితే కోర్ కటింగ్ మెషిన్ (కాంక్రీట్‌లో గుండ్రంగా కన్నం కోసేది) తెస్తారు, అది అడ్డొచ్చిన కడ్డీని కూడా కోసేస్తుంది.