కొల్లేరు మురుగు: పొలం బోదె దగ్గరే ఆపడమెలా?

అనుసంధానకర్త: కొల్లేరులో గుర్రపుడెక్క ఎంత తీసినా మళ్లీ కమ్మేస్తోంది. లోపం ఎక్కడుందండీ?

వ్యవసాయ శాస్త్రవేత్త: దానికి తిండి పెడుతున్నది మనమేనండి. బుడమేరు, తమ్మిలేరు వాగులు, ఊళ్ల మురుగు కాలువలు అన్నీ పొలాల ఎరువును, చెరువుల తుక్కును మోసుకుని అందులోకే దిగుతాయి. సముద్రంలోకి దారి ఉప్పుటేరు ఒక్కటే. తీసిన డెక్కను గట్టు మీదే కుప్పపోస్తే, కుళ్లి తొలి వానకే నీళ్లలోకి జారుతుంది. దూరంగా తోలి కంపోస్టు చేయాలి.

అనుసంధానకర్త: మరి వరి చేలో ఎరువు ఎక్కడ జారిపోతోంది?

శాస్త్రవేత్త: ముఖ్యంగా పైపాటులో, అంటే నాటాక పైన చల్లే ఎరువులో. పిలకల దశలో యూరియాతో పాటు భాస్వరం ఉన్న డీఏపీ, 28-28-0 ఎరువులు కూడా చల్లేస్తున్నారు. యాభై కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం ఉంటుంది. పైన చల్లితే అది పైమట్టికే అంటుకుంటుంది, గట్టి వాన పడితే బురదతోనే కాలువ పాలవుతుంది. భాస్వరం మొత్తం నాట్లకు ముందు చేసే ఆఖరి దమ్ములోనే కలిపెయ్యాలి. భూసార పరీక్షలో నిల్వలు ఎక్కువని తేలితే తగ్గించాలి.

అనుసంధానకర్త: యూరియా సంగతి?

శాస్త్రవేత్త: దమ్ములో, పిలకల దశలో, అంకురం దశలో, మూడు దఫాలుగా వేయాలి. చల్లేముందు నీరు తీయమంటే చాలామంది మడవ (గట్టులో నీరు పారే గండి) తెగ్గొట్టి బోదెలోకి, అంటే పొలం పక్క చిన్న కాలువలోకి వదిలేస్తారు. అది తప్పండి. ముందుగానే చేలోకి వచ్చే నీరు కట్టేసి, చేను బురద పదునుకు వచ్చాక చల్లాలి, 48 గంటలు ఆగి పలచగా నీరు పెట్టాలి. పై చేను నీరు కింది చేనులోకి పారే చోట మడవ కట్టకపోతే మీరు కొన్న ఎరువు పక్కవాడికి పోతుంది, మిగిలింది కాలువకు! 50 కిలోల యూరియాను 250 కిలోల తేమ మట్టిలో కలిపి రెండు రోజులు నిల్వ ఉంచి వేస్తే వృథా తగ్గుతుంది.

అనుసంధానకర్త: చేపల చెరువుల వాటా కూడా ఉంది కదండీ?

ఆక్వా నిపుణుడు: ఉందండి, కాదనలేం. కర్రలకు కట్టిన తవుడు సంచులను మధ్యాహ్నం లాగి చూడాలి. మేత మిగిలితే మర్నాడు తగ్గించాలి. మబ్బు పట్టిన రోజు చేప సరిగా తినదు, అయినా అలవాటుగా అంతే నింపుతారు. అసలు చిక్కు పట్టుబడి నాడు, అంటే చెరువు ఖాళీ చేసి చేపలు పట్టే రోజు వస్తుంది. పైనీరు కొంత తేటగా ఉంటుంది, చెరువు అట్టడుగున మిగిలే చివరి నీటిలోనే పెంట, మేత తుక్కు, బురద. దాన్ని నేరుగా కాలువకు వదలకుండా కుంటలో ఆపి తేర్చాలి.

శాస్త్రవేత్త: తేర్చితే బురద దిగుతుంది గానీ, కరిగిన నత్రజని పోదు కదండీ.

నిపుణుడు: నిజమే. అందుకే ఆ నీటిని వరికి పెట్టి, ఆ మేరకు యూరియా తగ్గించుకోవడం మేలు.

అనుసంధానకర్త: రొయ్యల చెరువు నీరైనా సరేనా?

నిపుణుడు: ఉప్పదనం కొలవకుండా ఒక్క మడికీ పెట్టొద్దు. చేను చౌడు తేలిందంటే మళ్లీ దారికి తేవడం మహా కష్టం.