వృద్ధి రేటు పెరిగింది సరే, పని ఎవరికి దొరికింది?

హోస్ట్: నమస్కారం. మేడమ్, ఆర్థిక వృద్ధి ఏడు శాతం, ఎనిమిది శాతం అని వార్తల్లో వింటుంటాం. పేదవాళ్ల ఇంటిదాకా అది చేరుతుందా?

అతిథి: ఏ రంగం పెరిగిందన్న దాన్నిబట్టి ఉంటుందండీ. నైజీరియానే తీసుకోండి. ఎగుమతుల్లో సింహభాగం చమురే. దాన్ని తీయడానికి భారీ యంత్రాలు, కొద్దిమంది నిపుణులు చాలు. దేశానికి డాలర్లొచ్చినా కోట్లమంది యువతకు అందులో పని లేదు.

హోస్ట్: బంగ్లాదేశ్ మాటేమిటి?

అతిథి: అక్కడ కథ వేరు. దేశ్ గార్మెంట్స్ అనే బట్టలు కుట్టే కంపెనీ దక్షిణ కొరియా సంస్థ దేవూతో చేతులు కలిపి, 1979లో సుమారు 130 మందిని శిక్షణకు ఆ దేశానికి పంపింది. పని నేర్చుకొచ్చినవాళ్లలో చాలామంది తర్వాత వేరే ఫ్యాక్టరీలకు వెళ్లారు, కొందరు సొంతంగా పెట్టుకున్నారు. అలా పాకిన పరిశ్రమలో ఇప్పుడు దాదాపు 40 లక్షల మంది ఉన్నారు. ఎక్కువమంది ఆడవాళ్లే. ఒక్కో కుట్టుమిషన్ దగ్గర ఒక్కో మనిషి కూర్చోవాలి కదా! పల్లె నుంచి వచ్చిన అమ్మాయి చేతికి నెలనెలా జీతం అందుతుంది, ఇంటికి కొంత పంపుతుంది. ఇంట్లో ఆమె మాటకు విలువ పెరుగుతుంది. ఇది చాలా పెద్ద మార్పు.

హోస్ట్: కానీ రానా ప్లాజా...

అతిథి: అవును, దాన్ని దాటేసి మాట్లాడకూడదు. 2013 ఏప్రిల్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న ఆ భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే పగుళ్లు కనిపించాయి. అయినా తెల్లారి కార్మికులను లోపలికి పంపారు. జీతం పోతుందన్న భయంతో వెళ్లారు పాపం. ఆ ప్రాణాలకు ఏ వృద్ధి లెక్కా సమాధానం చెప్పదు.

హోస్ట్: చాలా పేద దేశాల్లో నిరుద్యోగ రేటు తక్కువగానే కనిపిస్తుందే?

అతిథి: నిరుద్యోగ భృతి లేనిచోట ఖాళీగా కూర్చుంటే పూట గడవదండీ. ఏదో ఒక పని చేసి తీరాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణం ప్రకారం, వారంలో ఒక్క గంట కూలికో లాభానికో పనిచేసినా ఉపాధి ఉన్నట్టే. అందుకే నేను ఆ రేటుకన్నా ముందు రోజుకు ఎంత వస్తోంది, ఏడాదిలో ఎన్నాళ్లు పని దొరుకుతోంది అని చూస్తాను.

హోస్ట్: అయితే ఫ్యాక్టరీలు పెడితేనే పేదరికం తగ్గుతుందా?

అతిథి: ఫ్యాక్టరీలు ఒక్కటే కాదు, సేద్యం కూడా ముఖ్యమే. చైనాలో 1978 తర్వాత సంస్కరణలు మొదలైంది పొలాల్లోనే. ప్రభుత్వానికి ఇవ్వాల్సిన కోటా పోగా మిగిలిన పంట రైతు కుటుంబానిదే అన్నారు. దిగుబడి పెరిగింది, 1980ల తొలి ఏళ్లలోనే పల్లెల్లో పేదరికం బాగా తగ్గింది. ఎగుమతుల ఫ్యాక్టరీల జోరు ఆ తర్వాతి సంగతి.