బెస్ట్ కార్నర్‌బ్యాక్ ఎవరు? ముందు ఇంటర్‌సెప్షన్లు లెక్కపెట్టడం ఆపండి

నమస్తే అండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ, ఆదివారం ఆఫీసు వాళ్లతో కలిసి ఎన్ఎఫ్ఎల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్, చూస్తూ, అందరూ ఎందుకు అరుస్తున్నారో అర్థం కాకపోయినా తలూపేసేవాళ్లు మనలో బోలెడుమంది ఉన్నారు. ఈ వీడియో వాళ్ల కోసం. కార్నర్‌బ్యాక్ అంటే, బంతి అందుకోవడానికి పరిగెత్తే అవతలి ఆటగాణ్ని అడ్డుకునేవాడు. "బెస్ట్ కార్నర్‌బ్యాక్ ఎవరు" అని ఒక్క మాట అనండి, గదిలో గొడవ మొదలైపోతుంది. ఒకరు డియాన్ శాండర్స్ అంటారు, ఇంకొకరు రాడ్ వుడ్సన్ అంటారు, ఛాంప్ బెయిలీని వదలనివాళ్లూ ఉంటారు. నా ఓటు డారెల్ రెవిస్‌కి. అది కూడా 2009 సీజన్‌లో న్యూయార్క్ జెట్స్‌కి ఆడిన రెవిస్‌కి. ఎందుకో చెబుతాను.

మ్యాచ్ క్లిప్పులు వేస్తే కాపీరైట్ దెబ్బ పడుతుంది, అందుకే బోర్డు మీద గీస్తున్నా. నా బొమ్మలు చూసి నవ్వకండి.

ఇదిగో, ఇది బంతి. దాని వెనకాల క్వార్టర్‌బ్యాక్, బంతి విసిరేవాడు. ఇక్కడ, సైడ్‌లైన్‌కి, అంటే మైదానం పక్క గీతకి, దగ్గరగా ఉన్న ఈ సున్నా వైడ్ రిసీవర్, ఆ బంతి పట్టుకోవాల్సినవాడు. అతనికి ఎదురుగా ఈ ఇంటు మార్కు, మన కార్నర్‌బ్యాక్. రిసీవర్‌కి తను ఎటు పరిగెత్తాలో ముందే తెలుసు. కార్నర్‌కి తెలియదు. తెలియకుండానే, చాలాసార్లు వెనక్కి అడుగులు వేస్తూ, అతన్ని ఆపాలి.

పోనీ చేత్తో పట్టుకుని ఆపుదామా అంటే, రిసీవర్‌ని తోయడానికి మొదటి 5 యార్డుల వరకే అనుమతి. 1978లో వచ్చిన రూల్ ఇది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో మెల్ బ్లౌంట్ అని ఒకాయన ఉండేవాడు, రిసీవర్లను మైదానం పొడవునా మోటుగా తోసుకుంటూ పోయేవాడు. ఆయన పుణ్యమా అని వచ్చింది కాబట్టి ఇప్పటికీ మెల్ బ్లౌంట్ రూల్ అనే అంటారు. ఇక బంతి గాల్లో ఉండగా రిసీవర్‌ని లాగితే పాస్ ఇంటర్‌ఫియరెన్స్. తప్పు ఎక్కడ జరిగితే బంతి అక్కడికే తెచ్చి పెడతారు. 40 యార్డుల అవతల చెయ్యి వేశారనుకోండి, ఒక్క దెబ్బకి 40 యార్డులు పోయినట్టే. అంత టెన్షన్ ఉద్యోగం అది.

ఇప్పుడు అసలు తగువులోకి వద్దాం. మామూలుగా ఎవరైనా ఇంటర్‌సెప్షన్లు లెక్కపెడతారు. అవతలివాళ్ల పాస్‌ని ఎన్నిసార్లు లాక్కున్నాడు అని. ఆ లెక్కనే నమ్మితే వాదన 1952లోనే అయిపోవాలి. నైట్ ట్రెయిన్ లేన్ తన మొదటి సీజన్‌లోనే, 12 మ్యాచుల సీజన్‌లో, 14 తీశాడు. ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు.

కానీ 2021 చూడండి. డాలస్ కౌబాయ్స్ ఆటగాడు ట్రెవాన్ డిగ్స్ 11 ఇంటర్‌సెప్షన్లు తీశాడు. డాలస్‌లో మనవాళ్లు కూడా అతని జెర్సీలు కొన్నారు. అదే సీజన్‌లో అతను కాపలా కాసిన రిసీవర్లు బంతి పట్టుకుని వెయ్యి యార్డులకు పైగా సంపాదించారు. బంతి మీదికి దూకితే ఒకసారి చేతికి దొరుకుతుంది, ఇంకోసారి రిసీవర్ వెనకనుంచి జారిపోతాడు.

దీనికి సరిగ్గా ఎదురు కథ ఓక్లండ్ రైడర్స్‌లో నామ్డీ ఆసమ్వాది. 2006లో 8 ఇంటర్‌సెప్షన్లు. తర్వాతి రెండు సీజన్లలో ఒక్కొక్కటే. ఆట పడిపోయిందనుకుంటున్నారా? కాదు, క్వార్టర్‌బ్యాక్‌లు అతనివైపు బంతి వేయడమే మానేశారు. జడేజా చేతిలోకి బంతి వెళ్తే బ్యాట్స్‌మన్ సింగిల్‌కి కదలడు కదా, ఆ మిగిల్చిన పరుగు స్కోర్‌కార్డులో ఎక్కడ కనిపిస్తుంది? ఇదీ అంతే.

కాబట్టి నేను అడిగే ప్రశ్న వేరు. ఇతని వల్ల అవతలి జట్టు ఏం చెయ్యడం మానుకుంది?

ఇక రెవిస్. 2009 మొదటి మ్యాచ్‌లో ఎదురుగా హ్యూస్టన్ రిసీవర్ ఆండ్రే జాన్సన్. ఆ ఏడాది లీగ్ మొత్తంలో ఎక్కువ యార్డులు అతనివే, 1,569. ఆ రోజు మాత్రం 35. మరుసటి వారం న్యూ ఇంగ్లండ్ రాండీ మాస్. 4 క్యాచ్‌లు, 24 యార్డులు. అవతలి జట్టులో మేటి రిసీవర్ ఎవరైతే వాడి వెంటే, ఎడమకి వెళ్తే ఎడమకి, కుడికి వెళ్తే కుడికి. అతనివైపు వెళ్తే దీవిలో చిక్కుకున్నట్టే అని "రెవిస్ ఐలండ్" అనే పేరు పడిపోయింది.

రెవిస్‌లో నాకు నచ్చేది వేగం కన్నా ఓపిక. బోర్డు చూడండి. స్నాప్ అయింది, అంటే బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి వచ్చి ఆట మొదలైంది. రిసీవర్ ముందు తల ఊపుతాడు, భుజం ఊపుతాడు, ఎడమకి వెళ్తున్నట్టు ఒక అడుగు వేసి చూపిస్తాడు. తొందరపడే కార్నర్ అక్కడే బోల్తా. ఓపిక ఉన్నవాడి చూపు రిసీవర్ నడుము మీదే ఉంటుంది, ఎందుకంటే తల అబద్ధం ఆడుతుంది గానీ నడుము ఆడలేదు. అది తిరిగినప్పుడే తనూ తిరుగుతాడు, పక్కనే అంటుకుపోయి మెల్లగా సైడ్‌లైన్ వైపు నెట్టుకుంటూ పోతాడు. చివరికి రిసీవర్‌కీ గీతకీ మధ్య రెండడుగులు కూడా ఉండవు. క్వార్టర్‌బ్యాక్ బంతి ఎక్కడ వెయ్యాలి?

దీనివల్ల జట్టుకి వచ్చే లాభం చూడండి. మామూలుగా పెద్ద రిసీవర్ మీదికి వెనకనుంచి ఒక సేఫ్టీని, అంటే అందరికన్నా వెనక కాపలా ఉండే డిఫెండర్‌ని, సాయంగా పంపుతారు. రెవిస్‌కి ఆ సాయం అక్కర్లేదు. దాంతో కోచ్ రెక్స్ రయన్ చేతిలో ఒక మనిషి మిగిలాడు. అతన్ని బ్లిట్జ్‌కి, అంటే నేరుగా క్వార్టర్‌బ్యాక్ మీదికి పంపొచ్చు. ఆ సీజన్‌లో అతి తక్కువ యార్డులు, అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టు జెట్సే. అయినా డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అవార్డు 9 ఇంటర్‌సెప్షన్లు తీసిన చార్ల్స్ వుడ్సన్‌కి వెళ్లింది. వుడ్సన్ గొప్పవాడే, కాదనను. కానీ అక్కడ ఓటేసినవాళ్లు లెక్కే చూశారని నా అనుమానం. 2024లో 4 ఇంటర్‌సెప్షన్లు మాత్రమే ఉన్న డెన్వర్ పాట్రిక్ సర్టాన్‌కి అదే అవార్డు ఇచ్చారు. ఇప్పటికైనా మారారు.

అయితే నా వాదనకి ఒక గట్టి దెబ్బ ఉంది, దాచను. 2010 జనవరిలో ఏఎఫ్‌సీ ఫైనల్, అంటే గెలిస్తే సూపర్ బౌల్‌కి వెళ్లే మ్యాచ్, ఇండియానాపొలిస్‌తో. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ పేటన్ మ్యానింగ్ తన పెద్ద రిసీవర్ రెజ్జీ వేన్‌ని పక్కన పెట్టి, మిగతా ఇద్దరికి వేశాడు. పియేర్ గార్సాన్ 151 యార్డులు, ఆస్టిన్ కాలీ 123. జెట్స్ 30–17తో ఓడిపోయారు. కార్నర్‌బ్యాక్ ఎంత గొప్పవాడైనా ఒక్క తలుపే మూయగలడు.

డియాన్ అభిమానులు ఇక్కడే పట్టుకుంటారు. కెరీర్ మొత్తం తీసుకుంటే డియాన్‌కి 53 ఇంటర్‌సెప్షన్లు, రెవిస్‌కి 29. పైగా బంతి దొరికితే డియాన్ నేరుగా టచ్‌డౌన్‌కి పరిగెత్తేవాడు. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోకి అలా మూడు తెచ్చాడు. టాకిల్ చెయ్యడం, అంటే బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయడం అంటే మాత్రం ఒళ్లు దాచుకునేవాడు, అది ఆయన వాళ్లే ఒప్పుకుంటారు. కెరీర్ లెక్కలో డియాన్‌కి సరే అంటాను. ఒక్క సీజన్ అంటే మాత్రం నేను రెవిస్ దగ్గర్నుంచి కదలను. సియాటిల్ రిచర్డ్ షెర్మన్ గురించి అడుగుతారేమో, అతను ఎక్కువగా ఎడమవైపే నిలబడి జోన్ ఆడేవాడు, అంటే ఒక మనిషి వెంట పడకుండా తన వంతు ప్రాంతాన్ని కాసేవాడు. ఆ పనిలో మేటి, కానీ పని వేరు.

ఈ ఆదివారం మీరే చూడండి. టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి స్నాప్‌కి ముందే ఒక కార్నర్‌ని పట్టుకోండి. అతని వెనకాల సేఫ్టీ ఉన్నాడా లేడా చూడండి. థర్డ్ డౌన్‌లో, అంటే మూడో ప్రయత్నంలో, క్వార్టర్‌బ్యాక్ అటువైపు ఒకసారి చూసి, తల తిప్పేసుకుని ఇంకోవైపు వేస్తే, రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పండి. మధ్యలో ఆడే స్లాట్ కార్నర్ సంగతి వచ్చే వీడియోలో చెబుతాను, అది ఇంకా తలనొప్పి ఉద్యోగం.